రెండు పుట్టినరోజుల నాన్న

ప్లాట్‌లింగ్‌లో పెద్ద రైలు దిగి రెండు పెట్టెల చిన్న రైలెక్కాక, "గంటేనమ్మా, కాసేపు కళ్ళు మూసుకో" అని చెప్పి స్నిగ్ధే కళ్ళు మూసుకుంది. తల్లికి సలహా ఇవ్వడం, ఆ సలహా తనే పాటించడం ఈ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెల్లారకముందే లేచింది పాపం, పడుకోనీ అనుకుంది శాంత. తనకు నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? గంటలో త్స్వీజెల్ వస్తుంది. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఎనభయ్యేళ్ళ మనిషి ఒకామె నిలబడి ఉంటుంది. ఆమె తనకు అక్క. ఆ మాట నాలుగు నెలలుగా లోపల అనుకుంటూనే ఉంది గానీ కొత్త చెప్పులా ఇంకా కరుస్తూనే ఉంది. అరవయ్యారేళ్ళు ఒంటిపిల్లగా బతికిన మనిషికి ఇప్పుడు అక్కేమిటి, అదీ బవేరియా అడవుల్లో, అదీ పేరు అన్నా. తెనాల్లో చెబితే ఆ పేరు మీద నెల్లాళ్ళు నవ్వుకుంటారు. శాంతకు మాత్రం నవ్వు రావడం లేదు, ఎందుకంటే ఆ అన్నా రాసిన ఉత్తరం చేతిసంచీలో ఉంది, అందులో ఉన్నవి మూడే వాక్యాలు. నా మోకాళ్ళు ఒప్పుకుంటే నేనే వచ్చేదాన్ని. మీరొస్తే సంతోషం. ఒక్కటే అడగాలి, ఆయన ఎప్పుడైనా నా గురించి మాట్లాడాడా?

మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే శాంతకు తెలియదు. నిన్న రాత్రి అన్నం తింటూ ఆ సంగతే అంటే స్నిగ్ధ తేలిగ్గా తీసిపారేసింది, "అవునని చెప్పెయ్యమ్మా. ఎనభయ్యేళ్ళావిడకి. వన్ స్మాల్ లై. అయినా జర్మన్‌లోకి మార్చి చెప్పేది నేనే కదా, నువ్వేం చెప్పినా నేను అవుననే చెప్తా" అంది. అంతా ఆప్యాయంతోనే అంది. శాంతకూ ఆ ఆశ ఉంది. తండ్రి ఎలా ఉండేవాడో తెలియక పెరగడం ఎలా ఉంటుందో తనకు తెలుసు, తనకైతే ఏడేళ్ళన్నా దక్కాయి, ఈవిడకు ఏడు రోజులు కూడా దక్కలేదేమో. అలాంటి మనిషి చేతిలో ఒక మంచి మాట పెడితే ఏం పోతుంది? కానీ ఆ మాట పెట్టి, ఆ కళ్ళలోకి చూస్తూ టీ తాగగలనా? ఆమె ఇంకా అడిగితే? ఏమన్నాడు, ఎప్పుడన్నాడు, ఏ మొహంతో అన్నాడు అని అడిగితే, ఒకదాని మీద ఒకటి కల్పించుకుంటూ పోవాలి, అప్పుడిక ఆమెకు దొరికేది నాన్న కాదు, శాంత కుట్టి తెచ్చిన బొమ్మ. అందుకే ఈ గంటలో ఎలాగైనా ఒక్క నిజం వెతకాలి. జ్ఞాపకంలోని ఇల్లంతా గాలించాలి. ఏడేళ్ళ పిల్ల ఇల్లు ఎంతని, రెండు గదులు, ఒక వంటిల్లు, బొగ్గు పొయ్యి.

ఇంగ్లండులో, బ్రాడ్‌ఫర్డ్‌లో ఏటవాలు వీధి, తడిసిన నల్లరాళ్ళు, నాన్న భుజాల మీద తను. ఉన్ని మిల్లులో రాత్రి పని చేసి వచ్చేవాడు, చేతులకు గొర్రెబొచ్చు జిడ్డు వాసన, ఎంత తోమినా పోయేది కాదు, ఆ వాసన శాంతకు ఎంత ఇష్టమో ఎవరికి చెప్పినా నమ్మరు. బంగాళాదుంప తొక్కు తెగకుండా ఒకే చుట్టగా తీసి ఆమె మెళ్ళో వేసేవాడు. దగ్గేవాడు. వచ్చిన తెలుగు మాటలు మూడే, దా, అన్నం, చాలు, ఆ మూడింటితోనే అమ్మతో సంసారం లాక్కొచ్చాడు, ముఖ్యంగా ఆ చాలుతో. అమ్మ భానుమతి గుంటూరులో నర్సు చదువు చదివి, పై చదువని ఓడెక్కి వెళ్ళిన మనిషి. మిల్లులో చెయ్యి నలిగి ఆసుపత్రికొచ్చిన పోలండాయనకు కట్టు కట్టింది, ఆ కట్టు విప్పేలోపు పెళ్ళి ఖాయమైపోయిందని తనే చెప్పుకునేది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకే గొడవలు తక్కువని కూడా అనేది. శాంతకు ఏడేళ్ళు నిండగానే తెనాల్లో తాతగారికి జబ్బు చేసిందని తల్లీకూతుళ్ళు ఆరు నెలలకని వచ్చారు. నాన్నకు ఏ దేశం పాస్‌పోర్టూ లేదు, యుద్ధం తర్వాత కూలికని ఇంగ్లండు తీసుకెళ్ళిన వేలమందిలో ఒకడు, కాగితాలొచ్చాక వస్తానన్నాడు. కాగితాల బదులు టెలిగ్రాం వచ్చింది, ఊపిరితిత్తులు. అమ్మ ఆ టెలిగ్రాం మడిచి నర్సు యూనిఫాం మధ్యలో పెట్టి ట్రంకుపెట్టె మూసేసింది, మళ్ళీ ఆయన ఊసెత్తితే ఏదో ఒక పని గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయేది. శాంత పెళ్ళప్పుడు అవతలివాళ్ళు గోత్రమడిగితే తాతగారు గొంతు సవరించుకుని తన గోత్రమే చెప్పేశారు, పెళ్ళికొడుకు వెంకటరామారావు ఆమె గచ్చకాయరంగు కళ్ళను చూసి ఇంకేమీ అడగలేదు. ఆ మంచితనానికి ఆయనకు ఇప్పటికీ రెండో కాఫీ అడగకుండానే దొరుకుతుంది.

కిటికీలోంచి డాన్యూబ్ కనిపించింది, బూడిదరంగుగా, వెడల్పుగా, పనేమీ లేనట్టు. నాన్న ఈ నదిని చూసి ఉంటాడు. యుద్ధంలో జర్మన్లు ఆయన్ను పద్దెనిమిదేళ్ళకు పోలండ్‌లో పొలంలోంచి వెట్టిపనికి పట్టుకొచ్చి, పోలండువాడని తెలిసేలా చొక్కాకు P అని గుడ్డముక్క కుట్టించి, ఇక్కడే ఎక్కడో పశువుల పాకలో పడుకోబెట్టారు. ఆ ఇంటి అమ్మాయి ఆయనకు రొట్టె ఇచ్చింది. రొట్టెతో మొదలై అన్నా దాకా వచ్చింది, ఆ రోజుల్లో అది తెలిస్తే ఉరే. యుద్ధం ముగిశాక పుట్టింది కాబట్టి అందరూ బతికారు, కానీ ఆ అమ్మాయి తండ్రి పోలండువాణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఇదంతా శాంతకు ఈ జూన్‌లో తెలిసింది, కొంత కాగితాల్లోంచి, కొంత స్నిగ్ధ తీసిన ఆరాల్లోంచి. అంతకుముందు మూడేళ్ళు స్నిగ్ధ పాత కాగితాల కార్యాలయానికి ఉత్తరాలు రాస్తూనే ఉంది, వాళ్ళు మర్యాదగా ఆ పేరుతో ఆ తేదీన పుట్టినవారు లేరని జవాబిస్తూనే ఉన్నారు. తేదీ ఇచ్చింది శాంతే. మార్చి పంతొమ్మిది. ఎందుకు తెలియదు? ఏటా ఆ రోజు ఇంట్లో కేకు, గసగసాల రొట్టె, క్లబ్బు నుంచి పోలండ్ వాళ్ళు పదిమంది, నూరేళ్ళు బతకాలని పాట, నాన్న సిగ్గుపడుతూ బల్ల చివర నిలబడటం. పాట పాడి కేకు కోస్తే పుట్టినరోజు కాక మరేమిటి? తెనాలొచ్చాక కూడా శాంత ఆ తేదీ మరవలేదు, యాభై తొమ్మిదేళ్ళుగా మార్చి పంతొమ్మిదిన సేమ్యా పాయసం చేసి పక్కింటివాళ్ళకు ఇస్తూనే ఉంది. తీరా చూస్తే అది ఆయన పుట్టినరోజే కాదు. స్నిగ్ధ ఆఫీసులో పోలండ్ అమ్మాయి ఒకతె కాఫీ తాగుతూ చెప్పిందట, మా తాతల కాలంలో పుట్టినరోజెవరు చేసుకునేవాళ్ళు, పేరున్న సెయింటుకు పండగ రోజు ఉంటుంది కదా, ఆ రోజే కేకు, మార్చి పంతొమ్మిది మీ తాతయ్యలా జోసెఫ్ పేరున్న వాళ్ళందరిదీ అని. స్నిగ్ధ సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ చేసి, "అమ్మా, నీకు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక డేట్, అమ్మమ్మ చెప్పే డేట్ ఒకటి ఉన్నాయే, తాతయ్యకీ అంతే" అంది. తేదీ తీసేసి ఊరిపేరుతో అడిగితే మూడు వారాల్లో కాగితం వచ్చింది. పుట్టింది నవంబరులో. తల్లి పేరు అన్నా. కింద ఇంకో కాగితం, యుద్ధం అయిన మరుసటేడు ఆయన సంతకం పెట్టినది, ఫలానా ఆడపిల్లకు తండ్రిని నేనేనని. ఆ పిల్ల పేరూ అన్నానే. ఏముంది, తెనాల్లో వీధికి పదిమంది లక్ష్ములు ఉన్నట్టు వీళ్ళకు అన్నాలు అనుకుంది అప్పట్లో.

డెగ్గెన్‌డార్ఫ్‌లో రైలు ఆగింది. ఇద్దరు ఆడపిల్లలు వీపున సంచులతో ఎక్కి, ఎదురుసీటు మీద శాంత పెట్టుకున్న సంచీని చూసి నిలబడ్డారు. అందులో ఒకతె రెండోదాని మోచేతిని పొడిచి, "ఈషా, ఈ అవ్వను జర బ్యాగ్ తీయమని అడుగవే" అంది. "నాకేడ వస్తది జర్మన్, నువ్వే అడుగు. కండ్లు చూడు ఆమెయి, ఎంత మంచిగున్నయో" అంది రెండోది. తెనాల్లో అరవయ్యేళ్ళు దొరసానమ్మ అనిపించుకున్న శాంతకు, ఇక్కడికొచ్చాక మొదటిసారి ఎవరూ తిరిగి చూడకపోవడం ఈ నెలరోజులుగా వింతగానే ఉంది. సంచీ ఒళ్ళోకి తీసుకుని, "కూర్చోండమ్మా" అంది. పిల్లలిద్దరూ గతుక్కుమన్నారు. "మీరు తెలుగా ఆంటీ? సారీ ఆంటీ, మేము అవ్వ అన్నం" అని ఈషా నాలిక కరుచుకుంది. "అవ్వనే కదమ్మా, తెనాలి అవ్వని" అంది శాంత. ఇద్దరూ నవ్వి కూర్చున్నారు. కాలేజీ పిల్లలట, అడవి చూడటానికి వెళుతున్నారట, ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరక్క వీసా పొడిగింపు ఆగిపోయిందట, ఇవన్నీ చెప్పి, పెద్దామె మనసు ఇక్కడ లేదని పసిగట్టి, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. శాంత మళ్ళీ బ్రాడ్‌ఫర్డ్ వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రాలు నాన్న కిటికీ దగ్గర నిలబడేవాడు. ఏం చూస్తున్నావంటే బొగ్గుబండి అనేవాడు. అది దూరంగా ఉన్న కూతురి కోసం అని చెప్పొచ్చా? చెప్పొచ్చు. కానీ బొగ్గుబండి నిజంగానే వచ్చేది. పడుకోబెడుతూ పాట పాడేవాడు, పాటలో ఏముండేదో తెలియదు, ఏదో మేక సంగతి. ఎప్పుడైనా తనని ఇంకో పేరుతో పిలిచాడా? లేదు. ఫొటో ఏమైనా దాచుకున్నాడా? అమ్మ పెట్టెలో లేదు. రైలు కొండెక్కుతోంది, ఒక సొరంగంలోకి దూరి బయటికొచ్చింది, రెండు పక్కలా నల్లటి చెట్లు, టైము చూస్తే ఇరవై నిమిషాలే ఉంది. ఉత్త చేతులతో వెళ్ళాలా అని శాంతకు భయం వేసింది, నిజంగానే వేసింది.

"రేపు రూమ్‌మేట్స్ కేక్ తెస్తున్నరంటనే" అంటోంది ఈషా. "పాస్‌పోర్ట్‌ల డేట్ చూసిన్రు. అసల్ది శ్రావణంల అయిపాయె. ఎట్ల చెప్పాలె వీళ్ళకు? ఏడాదికి రెండు కేకులు నాకు." "తిను మరి, ఎవరొద్దన్నరు" అంది రెండోది.

రెండు కేకులు. మార్చిలో ఒకటి. అక్టోబరులో తనది ఒకటి, అది అమ్మ చేసే బెల్లం పరమాన్నమే, కేకు కాదు. అమ్మ తన పుట్టినరోజు చేసుకునేదే కాదు. మరి ఆ ఎండాకాలం కేకు? బడి మూసేసేవాళ్ళు, మార్కుల కాగితం చేతికిచ్చేవాళ్ళు, ఆ తర్వాత రెండు మూడు రోజులకి, అమ్మ పగటి డ్యూటీలో ఉండగా, నాన్న రాత్రి పని దిగి నిద్రపోకుండా బయటికెళ్ళి చిన్న అట్టపెట్టె తెచ్చేవాడు, దారంతో కట్టినది. పదిమంది లేరు, పాట లేదు. రొట్టె కోసే కత్తితో మూడు ముక్కలు చేసేవాడు. ఒకటి తనకు. ఒకటి ఆయనకు. మూడోది సాసర్లో పెట్టి పైన గిన్నె బోర్లించి కిటికీ గట్టు మీద పెట్టేవాడు. అమ్మకా అంటే తల అడ్డంగా ఊపేవాడు. మరెవరికి అంటే, దా, అన్నం, అని ఆ పైన చాలు అనేవాడు. ఒక్క ఏడాది కాదు. ఐదో ఏట, ఆరో ఏట, బయల్దేరే ముందు ఏడో ఏట, మూడుసార్లు గుర్తుంది, సాసరు అంచున ఉన్న నీలంగీత కూడా గుర్తుంది. ఇన్నేళ్ళూ ఇది ఎక్కడుంది? శాంత కూతురి భుజం తట్టి లేపింది. "పోలండ్ వాళ్ళకి అన్నా అనే పేరుకి రోజెప్పుడో ఫోన్లో చూడు." స్నిగ్ధ నిద్రమత్తులోనే చూసి, "జూలై ట్వంటీ సిక్స్. ఎందుకూ?" అంది. శాంత ఆ మూడో ముక్క సంగతి చెబితే స్నిగ్ధ నిటారుగా కూర్చుని, "అమ్మా, ఇంకేం కావాలి? మీకోసమే కోసేవాడని ఆవిడకి చెప్పేద్దాం" అంది. శాంత సంచీలో కాగితం వేలితో తడుముకుంది. అందులో ఉంది కదా, తల్లి పేరు అన్నా. యుద్ధంలో విడిచొచ్చి ఆయన మళ్ళీ చూడని తల్లి. ఆ ముక్క ఆవిడకే పెట్టాడేమో. ఎవరికి పెట్టాడో ఆయన చెప్పలేదు, చాలు అన్నాడు, అంతే. "నేను చెప్పిందే చెప్పు స్నిగ్ధా" అంది శాంత. "ఎక్కువొద్దు, తక్కువొద్దు."

త్స్వీజెల్‌లో చలిగా ఉంది. ఆడపిల్లలిద్దరూ చేతులూపి వెళ్ళిపోయారు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద పొడుగాటి ముసలామె కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది, వీళ్ళను చూసి లేవబోయి, లేవలేక, అలాగే ఉండిపోయింది. దగ్గరకు వెళ్ళిన శాంత ఏం చెయ్యాలో తోచక ఆమె పక్కన కూర్చుంది. గచ్చకాయరంగు కళ్ళు. నాన్న పోయాక అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడని కళ్ళు. ఇంటికి వెళ్ళి కాఫీ తాగాక మాట్లాడుకుందామని స్నిగ్ధ అంటుంటే అన్నా చెయ్యెత్తి ఆపి, ఎనభయ్యేళ్ళు ఆగాను, కాఫీ దాకా ఆగలేను అన్నట్టు ఏదో అంది. స్నిగ్ధ మార్చి చెప్పకముందే శాంతకు అర్థమైంది. "నాతో ఎప్పుడూ మీ గురించి మాట్లాడలేదు" అంది శాంత తెలుగులో, నెమ్మదిగా. స్నిగ్ధ ఉన్నదున్నట్టే చెప్పింది. అన్నా తల ఊపింది, వస్తుందని తెలిసిన వార్త విన్నట్టు. అప్పుడు శాంత ఎండాకాలం సంగతి చెప్పింది, అట్టపెట్టె, మూడు ముక్కలు, కిటికీ గట్టు, జూలై చివర. తర్వాత కాగితం తీసి నాన్నవాళ్ళమ్మ పేరున్న చోట వేలు పెట్టి, ఇది కూడా చూడండి, ఎవరి కోసమో నాకు తెలియదు, తెలియనిది తెలుసని చెప్పలేను అంది.

అన్నా కళ్ళజోడు పెట్టుకుని ఆ పేరు చాలాసేపు చదివింది. అంతసేపు చదవడానికి అందులో ఉన్నవి నాలుగక్షరాలే. తర్వాత స్నిగ్ధ వైపు కాక శాంత వైపే చూస్తూ మాట్లాడింది, స్నిగ్ధ పక్కన నుంచి తెలుగులో అందిస్తూ వచ్చింది. "జూలై ఇరవయ్యారు వాళ్ళకీ పండగేనట. ప్రతి ఏడూ వాళ్ళమ్మ కేకు చేసేదట. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ చుట్టాల్లో, ముందెప్పుడూ అన్నా అనే పేరు లేదట. ఆ పేరు నేను పెట్టింది కాదు అనేదట వాళ్ళమ్మ. మరెవరు పెట్టారంటే చెప్పేది కాదట." అన్నా కాగితాన్ని మడవకుండా ఒళ్ళో పెట్టుకుని, మంచు తగిలినట్టు ముక్కు తుడుచుకుని, ఎవరో ఇప్పుడే తన పేరు పెట్టినట్టు ఒకసారి తనలో తను పలికి చూసుకుంది. శాంతకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కాసేపటికి అన్నా ఆమె చెయ్యి పట్టుకుని ఇంకేదో అడిగింది. "ఆ మూడో ముక్క తర్వాత ఏమయ్యేదని అడుగుతున్నారమ్మా" అంది స్నిగ్ధ. శాంత తలొంచుకుంది. అరవై ఏళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి. "మర్నాడు పొద్దున్నే లేచి నేనే తినేసేదాన్ని" అంది. "నాన్న చూసి ఏమీ అనేవాడు కాదు, సాసరు కడిగేసేవాడు." స్నిగ్ధ అది జర్మన్‌లోకి మార్చలేక నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఎలాగో చెప్పింది. అన్నా ముందు నిదానంగా వింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది, కర్ర కిందపడినా చూసుకోలేదు, నవ్వీ నవ్వీ, శాంత చెంప మీద చెయ్యి వేసి, రెండే రెండు మాటలు అడిగింది.

"బాగుండేదా అంటున్నారు."

"చాలా బాగుండేదక్కా" అంది శాంత.